ప్రాచీనత ప్రమాణమగునా?

మన యిండ్లలో నే యాచారమును గూర్చియైనను "ఇది యేల?" యని యడిగినవారికి సాధారణముగా లభించు నుత్తర మొక్కటియే: "ఇది యనాదిగా వచ్చుచున్నది." ఈ మాట వినబడినతోడనే యడిగినవారు నోరు మూసికొందురు, చెప్పినవారు గెలిచితిమని తలంతురు. ఆచారము మేలు చేయుచున్నదా, కీడు చేయుచున్నదా యను విచారణ యచ్చటనే యాగిపోవును. పాతదగుటయే యొకదానిని నిలుపుకొనుటకు దగిన కారణమా? అది పాతదని చెప్పుటకైనను మనకు గల యాధారమేమి? ఈ రెండు ప్రశ్నలను గూర్చి నేను కొంత యాలోచించునట్లు చేసినది యొక రాతిగుండు. ఆ సంగతి చదువరులకు విన్నవించుటయే యీ వ్యాసమున కుద్దేశము.

కొంతకాలము క్రిందట నొక మిత్రుని యింట జరుగు వివాహమునకై ముస్తాబాదు ప్రాంతమునకు బోయితిని. ముస్తాబాదు రాజన్న సిరిసిల్ల జిల్లాలోని మండల కేంద్రము. 2016వ సంవత్సరమున నీ జిల్లా యేర్పడుటకు ముందు కరీంనగరము జిల్లాలో నుండెను. అచ్చట చెఱువులు, వరిపొలములు, వాని నడుమ నెవరో తీరికగా పేర్చిపెట్టినట్లు గుండ్రని బండలతో గూడిన గుట్టలు కనబడును. మిత్రుని యక్క చిన్నవయసుననే భర్తను గోల్పోయి పుట్టినింట నున్నది. తల్లి గతించిన పిదప తమ్ముని, చెల్లెలిని పెంచినది యామెయే. ఇప్పుడు పెండ్లికూతురు ఆ చెల్లెలు. పెండ్లికూతురికి మొదట పసుపు పూయవలసినది అక్కయే యని తమ్ముడు పట్టుపట్టెను. పెండ్లికూతురును నదియే కోరెను. తండ్రి యంగీకరింపలేదు. ఆయన కఠినుడు గాడు. పెద్దకూతురనిన నాయనకు ప్రాణము. అయినను వాకిటి కెదురుగా గుట్టపై నున్న పెద్దగుండును జూపి, "ఇది తాతముత్తాతల కాన్నుంచి వస్తున్న రివాజు, బిడ్డా. ఆ గుండు కదులుతదా? ఇది గూడ గంతే" యనెను.

లోపలి గదిలో నక్క పెండ్లివంటలకై శనగపప్పు విసరుచుండెను. ఇసుర్రాయి చప్పుడు క్షణకాల మాగి మరల మొదలయ్యెను. నేను పైవాడను, నోరెత్తలేదు. కాని భూవిజ్ఞానశాస్త్రముతో నాకు గొంత పరిచయము గలదు గనుక, ఆ పెద్దమనిషి సాక్షిగా నిలిపిన రాయి నిజముగా నేమి సాక్ష్యమిచ్చునో చూతమని తెల్లవాఱినతోడనే గుట్ట యెక్కితిని.

దూరమునుండి యేకవర్ణముగా గనబడు నాగుండు దగ్గర నుండి చూచినచో ననేక కణముల కూర్పు. గాజువలె మెఱయు పలుగురాయి, లేతగులాబి ఛాయగల ఫెల్డుస్పారు, నడుమనడుమ నల్లని యభ్రకపు రేకులు. ఇట్టి రాతిని గ్రానైటందురు. మన రోళ్లు, ఇసుర్రాళ్లు పెక్కు దీనితో జేసినవే. గుండు ప్రక్కభాగమున నరచేయంత నల్లని రాతితునక పొదిగినట్లుండెను. ఆ తునకను, దాని చుట్టునున్న గ్రానైటును గూడ గోసికొనిపోవుచు వ్రేలెడు వెడల్పుగల తెల్లని చాలు నడచుచుండెను.

ఈ మూటిలో నేది ముందు, ఏది వెనుక? దీనికి గొప్ప పాండిత్య మక్కఱలేదు. వంటయిల్లు నెఱిగినవా రందఱును జెప్పగలరు. లడ్డులోని జీడిపప్పు లడ్డు కట్టకముందే యున్నది. అట్లే గ్రానైటులో జిక్కిన నల్లని తునక గ్రానైటు గట్టిపడకముందే శిలయై యున్నది. గోడ కట్టిన తరువాతనే గోడకు బగులు వచ్చును. పగులును బూడ్చిన సున్నము మఱియు దరువాతిది. అట్లే తెల్లని చాలు గ్రానైటు తరువాత వచ్చినది. కాబట్టి యీ గుండు మొదటిదియు గాదు, తుదిదియు గాదు. అది వచ్చునప్పటికే యొక పాతరాయి యిచ్చట నుండెను. ఇది వచ్చి దానిని విఱిచి మ్రింగెను. దీనిని వేఱొకటి చీల్చుకొని పోయెను.

ఇంత సులభమైన యీ మాటను బండితులే యొకకాలమున నంగీకరింపకుండిరి. పదునెనిమిదవ శతాబ్దమున జర్మనీ దేశపు ఆచార్యుడగు వెర్నరును, ఆయన శిష్యులును గ్రానైటును సృష్ట్యాదియం దాదిసముద్రమునుండి పేరుకొన్న మొట్టమొదటి శిలగా నెంచిరి. అది యన్నిటికి మూలము, అన్నిటికన్న బెద్దది యని వారి నమ్మకము. స్కాట్లండు దేశస్థుడగు జేమ్సు హట్టను దానిని శంకించి, 1785లో గ్లెన్ టిల్టు అను లోయకు బోయి, యేటి గట్టున నెఱ్ఱని గ్రానైటు పాయలు నల్లని పాతరాతిలోనికి జొచ్చుకొని పోయియుండుట కనులార జూచెను. చొచ్చినది కరగిన ద్రవమై యుండవలెను. చొరబడినది యున్నదానికన్న గ్రొత్తదై యుండవలెను. ఆ చాళ్లను జూచి హట్టను పొందిన యానందమునకు, ఆయన వెండియో బంగారమో కనిపెట్టెనని వెంటవచ్చినవారు భ్రమపడిరట! అందఱును "ఆది" యని తలవంచిన శిల తరువాత వచ్చినదని తేలినది.

గ్రానైటు కరగిన శిలాద్రవమునుండి పుట్టినదనుటకు దాని కణములే నిదర్శనము. చక్కెరపాకమును ద్వరగా జల్లార్చినచో సన్నని పలుకులు గట్టును. పటికబెల్లమునకువలె మెల్లగా జల్లారనిచ్చిన బెద్ద పలుకులు గట్టును. గ్రానైటులోని పెద్దపలుకులు భూమి లోపల గొన్ని కిలోమీటర్ల లోతున, మీద మందమైన రాతికప్పు క్రింద, బహుకాలము మెల్లమెల్లగా జల్లారినవి. మనము గుట్టపై నెండలో జూచు నీగుండు పాతాళమున బుట్టినది. పైకప్పు వానకు, గాలికి నరిగి నీటితో గొట్టుకొనిపోగా నిది బయటపడినది. నేలలో నున్నప్పుడే పగుళ్లవెంట నీరు దిగి మూలలను గొఱికివేయుటచేత నలుపలకల బండలు గుండ్రనివైనవి. రాకాసులు పేర్చిన గుట్టలని మనము కథలుగా జెప్పుకొనునవి యివియే.

దీని వయస్సు తెలియుటకు వేఱొక సాక్షి గలదు. గ్రానైటులో జిర్కాను అను ఖనిజము కంటికి గనబడనంత సన్నని పలుకులుగా నుండును. అది గట్టిపడునప్పుడు యురేనియమును గొంత లోనికి రానిచ్చును, సీసమును రానీయదు. లోపల జిక్కిన యురేనియము కాలక్రమమున దనంతట సీసముగా మాఱుచుండును. యురేనియము 238 అను రకములో సగము మాఱుటకు 447 కోట్ల సంవత్సరములు పట్టును. ఈ లెక్క యెండకు, వానకు, రాజుల యాజ్ఞకు మాఱదు. కాబట్టి నేడు పలుకులో సీసమెంత, మిగిలిన యురేనియమెంత యని కొలిచినచో బుట్టిన కాలము తేలును. ఇట్లు కొలిచి, తెలంగాణమున విస్తరించిన గ్రానైటులలో బెక్కింటికి నించుమించు 250 కోట్ల సంవత్సరముల వయస్సని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. ఈ శిలలున్న భాగమును తూర్పు ధార్వాడ ప్రాచీనభూభాగ మందురు.

250 కోట్లు! ఈ సంఖ్య వినగానే, "చూచితిరా, ఇంతకన్న ననాది యేమున్నది?" యని యెవరైన నడుగవచ్చును. కాని భూమి వయస్సు సుమారు 454 కోట్ల సంవత్సరములు. అనగా భూమి తన యాయువులో నించుమించు సగము గడపిన పిదప నీగుండు పుట్టినది. దీనికిని బుట్టినరోజు గలదు. పుట్టిననాడు దీనికన్న గ్రొత్తది వేఱొకటి లేకుండెను.

పుట్టిన పిమ్మట నైనను నది నిశ్చలముగ నున్నదా? ఈ ప్రాంతమున గ్రానైటును జీల్చుచు గీత గీసినట్లు నల్లరాతి వరుసలు కొన్నియెడల మైళ్లకొలది సాగును. ఇవి డైకులు. భూమి సాగి పగిలినప్పుడు లోతునుండి యుబికిన ద్రవము పగుళ్లలో జల్లారి యిట్లయినది. తూర్పు ధార్వాడ భూభాగమున నిట్టి యుబుకు లొక్కమాఱు గాక పలుమాఱులు, సుమారు 237 కోట్ల, 221 కోట్ల, 189 కోట్ల సంవత్సరముల క్రిందట జరిగినవి. కాకతీయుల నాటి శిల్పులు గ్రానైటునకును, ఈ సన్నపు నల్లరాతికిని గల భేదమును బాగుగ నెఱిగియుండిరి. పాలంపేటలోని రామప్పగుడిలో నద్దమువలె నునుపుదేలిన నల్లని మదనికలను జూచినవారికి నది తెలియును.

సిరిసిల్ల సీమనుండి మానేరు వెంట తూర్పునకు బోయినచో గథ మఱింత విచిత్రమగును. కరీంనగర ప్రాంతమున గ్రానైటు నడుమ చార్నొకైటు మొదలగు శిలలు గలవు. కలకత్తా నగరములోని జాబ్ చార్నాకు సమాధిరాతిని బరీక్షించి, టామస్ హాలండు అను భూశాస్త్రజ్ఞుడు 1893లో నా రాతిజాతి కీపేరు పెట్టెను. ఈ తరగతి శిలలు పైనేల నేర్పడునవి గావు. 700 డిగ్రీల సెంటిగ్రేడునకు మించిన వేడిలో, పైనున్న నేల బరువంతయు మోయుచు, భూమి లోతులలో రూపు మాఱునవి. గోదావరికి నావలియొడ్డున భోపాలపట్టణము వైపునను నిట్టి శిలలే కలవు. గోదావరికి నైరృతి దిక్కున ధార్వాడ భూభాగము, ఈశాన్యమున బస్తరు భూభాగము. ఈ రెండును వేఱువేఱుగా నుండి యతుకుకొన్నవనియు, ఆ యతుకు సమీపమున లోతుశిలలు పైకి వచ్చినవనియు బెక్కుమంది పండితుల మతము. ఎప్పుడతుకుకొన్నవను విషయమున వారిలో భేదాభిప్రాయము గలదు.

సిరిసిల్ల నేతగాండ్రకు నేను జెప్పనక్కఱలేదు: అతుకున్నచోటనే బట్ట మరల చినుగును. గోదావరి వెంట భూమి యట్లే చినిగి పల్లమయ్యెను. ఆ పల్లమున నిసుక, బురద, అడవులు పొరలుపొరలుగా బూడిపోయెను. రామగుండము మొదలగు గనులలో మనము త్రవ్వుకొను సింగరేణి బొగ్గు, 25 కోట్ల సంవత్సరములకు మునుపు పెరిగిన చెట్ల శేషము. ఆ కాలపు గ్లోసాప్టరిస్ అను చెట్టు ఆకుల గుర్తులు మనదేశమునందే గాక ఆఫ్రికా, దక్షిణామెరికా, ఆస్ట్రేలియా, అంటార్కిటికా ఖండములందును దొరకినవి. సముద్రములు దాటి యొకే యడవి యెట్లు పెరుగును? ఆ ఖండములన్నియు నప్పు డొక్కటియై యుండెను గనుక. ఆ మహాఖండమునకు గోండుల సీమ పేరనే గోండ్వానా యని పేరిడిరి.

ఖండములు కదలునని ఆల్ఫ్రెడ్ వెగ్నరు 1912లో జెప్పినప్పుడు శాస్త్రవేత్తలలోనే పెద్దలు పెక్కురు పరిహసించిరి. "అవి యున్నచోటనే యున్నవి" యనునది వారి యనాది సిద్ధాంతము. సముద్రగర్భమునుండి సాక్ష్యములు వచ్చి 1960-70ల నడుమ నామతము స్థిరపడినది. నేడు కృత్రిమోపగ్రహముల సాయమున గొలిచి చూడగా భారతభూమి యేటికి సుమారు 5 సెంటీమీటర్ల చొప్పున నీశాన్యమునకు జరుగుచున్నది. "ఆ గుండు కదులుతదా?" యని యడిగిన పెద్దమనిషి పుట్టి డెబ్బదియేండ్లైనది. ఆ కాలములో నా గుండు, ఆయన యిల్లు, వేసిన పెండ్లిపందిరి చోటు, అన్నియు గలిసి మూడున్నర మీటర్లు జరిగినవి. ఆయనకు దెలియకుండనే యాయన పాదముల క్రింది నేల నడచినది.

ఇక మన ప్రాచీనత యెంతదో చూతము. కరీంనగరము జిల్లా కురిక్యాల యొద్ద బొమ్మలగుట్టపై గన్నడకవి పంపని తమ్ముడు జినవల్లభుడు చెక్కించిన శాసనమున దెలుగు కందపద్యములు గలవు. అవి సుమారు క్రీ.శ. 945 నాటివి, మన పద్యసాహిత్యమునకు గౌరవము తెచ్చినవి. వానికి వయస్సు వేయియెనుబది యేండ్లు. ఇచ్చటి గ్రానైటు వయస్సు నొక్క సంవత్సర మనుకొన్నచో, ఆ యక్షరములు చెక్కి పదునాలుగు సెకండ్లు మాత్రమే యైనది. ఇక తాతముత్తాతల జ్ఞాపకము నూటయేబది యేండ్లు దాటదు. అది రెండు సెకండ్ల మాట. ఈ రెండు సెకండ్లకు "అనాది" యని పేరుపెట్టి, దానితో నొక స్త్రీని జీవితాంతము తలుపు చాటున నిలుపుట న్యాయమా?

ఇచ్చట వివేకవంతు డొక యాక్షేపణ చేయవచ్చును. "రాయి మాఱినది గనుక నాచారము మాఱవలెనని యెట్లు సిద్ధించును? రాతికి నీతి లేదు గదా!" ఈ యాక్షేపణ సరియైనదే. శిలాద్రవమునకు దయాదాక్షిణ్యములు లేవు. ఖండములు విడిపోయినవి గనుక గుటుంబములు విడిపోవచ్చునని యెవరును వాదింపరు. వితంతువును బందిటిలోనికి బిలువుమని యే రాతిమీదను వ్రాసియుండదు. కాని యిచ్చట రాతిని సాక్షిగా బిలిచినది మేము గాము. మార్పును నిరాకరించినవారే పిలిచిరి. సాక్షి యనుకూలముగా జెప్పనప్పు డా వాదము వీగిపోవును. అది వీగినంతమాత్రమున నెదుటి పక్షము గెలువదు. అప్పుడే యసలు విచారణ మొదలగును: ఈ యాచారమువలన నెవరికి మేలు? ఎవరికి దుఃఖము? దుఃఖమునకు బదులుగా లోకమునకు గలుగుచున్న లాభమేమి? ఇన్నాళ్లును ఈ ప్రశ్నలు పుట్టకుండ నడ్డుపడుచున్నది "అనాది" యను నొక్క పదమే.

"అట్లయిన బాతదంతయు బాఱవేయుదమా?" యని మఱియొకరు భయపడవచ్చును. వలదు. క్రొత్తదనమును యోగ్యతకు బ్రమాణము గాదు. తెల్లనిచాలు గ్రానైటుకన్న గ్రొత్తదైనంతమాత్రమున మేలైనది గాదు. తల్లి లేని పిల్లలను అక్క తల్లియై పెంచుట కూడ మనలో బాత యాచారమే, దానిని గాపాడుకొనవలెను. కాని కాపాడుట పాతదని కాదు, మంచిదని. నిజమునకు బాతదనమును మాత్రమే చూచి మంచిచెడ్డలు నిర్ణయింపరాదను మాటయు మనలో గ్రొత్తది గాదు. కాళిదాసు మాళవికాగ్నిమిత్ర నాటకపు బ్రస్తావనలోనే యీ ప్రసంగము తెచ్చెను.

పాతదనముతో బోరాడుటకు మన సంస్కర్తలును పాతదనమునే వెదుకవలసివచ్చినది. ఈశ్వరచంద్ర విద్యాసాగరుడు వితంతువివాహమునకు బరాశరస్మృతిని బ్రమాణముగా జూపెను. 1856లో శాసనము వచ్చినది. వీరేశలింగము పంతులుగారు రాజమహేంద్రవరమున 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహమును జేయించిరి. వారి కాలమున కది వలసినదే. కాని యొక పాతమాటకు మఱియొక పాతమాట నెదురుపెట్టు వాదమునకు దుది లేదు. ఎంత పాతదానికైనను దానికన్న బాతది దొరకును. గ్రానైటు క్రింద నల్లని తునక యున్నట్లు ప్రతి పాతదాని క్రిందను మఱియొకటి యుండును. వారు తెఱచిన త్రోవలో మన మింకొక యడుగు వేసి, "ఇది న్యాయమా?" యని సూటిగా నడుగవచ్చును.

నేను గుట్ట దిగివచ్చునప్పటికి బెద్దమనిషి యరుగుపై గూర్చుండెను. నేను చూచిన సంగతులు మెల్లగా జెప్పితిని. వాద మాడలేదు, అక్కమాట యెత్తలేదు. ఆయన చేతికఱ్ఱ తీసికొని నాతో గుట్టమీదికి వచ్చెను. గుండు ప్రక్క వంగి నల్లని తునకను జూచెను. తెల్లనిచాలుపై వ్రేలు రాచెను. ఇన్నియేండ్లుగా వాకిటనుండి చూచుచున్నను, చేతితో దాకి చూచుట యాయన కదియే మొదలట.

"అంటే ఇది గూడ ఒకప్పుడు కొత్తదేనంటరా?" యని యడిగెను.

"కొత్తదే నండి. బెల్లపు పాకంలెక్క కరిగి ఉండె" నంటిని.

ఆయన మఱి మాటాడలేదు. మఱునాడు పసుపుపళ్లెము పందిటిలోనికి వచ్చినప్పుడు అక్క గడపలోనే నిలిచియుండెను. పెండ్లికూతురు లేచిపోయి యామె చేయిపట్టి పీటయొద్దకు దెచ్చినది. అందఱును దండ్రివైపు జూచిరి. ఆయన యవునని చెప్పలేదు, కాదనియు జెప్పలేదు. కండువాతో ముఖము తుడుచుకొనెను. అక్క చెల్లెలి చెక్కిలికి బసుపు పూసినది.

ఆయన మనస్సును మార్చినది రాయి యని నేను జెప్పజాలను. కూతురిపై గల ప్రేమ యా పనిని బహుకాలమునకు ముందే చేసియుండును. ఆ ప్రేమకు నడ్డముగా నొక మాట నిలిచియుండెను. ఆ మాటను దొలగించుటకు మాత్రమే రాయి తోడ్పడినది. చదువరులారా! మన యిండ్లలో నెవరైన నేయాచారమునకైన "అనాది" యను మాట నడ్డుపెట్టినప్పుడు, కోపింపక, పరిహసింపక, వారితోగూడ నొక్కమాఱు దగ్గరకు బోయి చేతితో దాకి చూతముగాక.